చేలో మనం, చేతిలో ఫోనుతో పిల్లలు

పత్తి తీతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక మండలంలో మన సంఘం సమావేశం జరిగింది. ఎజెండాలో ఉన్నవన్నీ ప్రతిసారీ ఉండే విషయాలే. తేమ పేరుతో సీసీఐ కేంద్రాల్లో పెడుతున్న కోతలు, యూరియా కోసం పడిగాపులు, కౌలు రైతులకు అందని సాయం. సమావేశం ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్నా ఒక సభ్యుడు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చల్లారిన టీ గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. "అన్నా, మీతోటి ఒక మాట మాట్లాడాలె" అన్నాడు. పట్టా సమస్యేమో అనుకున్నాం. కాదు.

ఆయన కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మాయి పేరుతో, అమ్మాయి ఫోటోతో ఎవరో పరిచయమయ్యారు. పక్క పట్నంలో ఇంటర్ చదువుతున్నానని చెప్పి మూడు నెలలు మాట్లాడారు. ఇంట్లో ఎవరు తిట్టారు, బడిలో ఏం జరిగింది, అమ్మకు ఒంట్లో ఎట్లా ఉంది, అన్నీ అడిగేవారట. పిల్ల మామూలుగా దిగిన ఫోటోలు కొన్ని పంపింది. ఒకరోజు వాటిలో ఒకదాన్ని ఏదో యాప్‌లో పెట్టి బట్టలు లేనట్టు మార్చి తిరిగి పంపి, డబ్బులు అడిగారు. లేకపోతే మీ నాయన ఫోన్‌లో ఉన్న నంబర్లందరికీ పంపుతామన్నారు. ముందు ఐదు వందలు, తర్వాత రెండు వేలు, ఆ తర్వాత ఇంకా పెద్ద మొత్తం. నాయన యూపీఐ పిన్ ఆ పిల్లకు తెలుసు. తెలియక ఎట్లా ఉంటుంది? ఆయన తరఫున ప్రతిసారీ కొట్టేది ఆమే. పత్తి అమ్మిన డబ్బు అట్లా నాలుగు విడతలుగా పోయింది. ఎరువుల షాపులో స్కాన్ చేసినప్పుడు ఖాతాలో డబ్బు చాలకపోతే గానీ ఆయనకు తెలియలేదు.

పిల్లను కొట్టాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, తల వంచుకుని. మరునాటి నుంచి బడి మాన్పించాడు. ఆయన మమ్మల్ని అడగడానికి వచ్చింది పోలీసు కేసు గురించి కాదు. మేనరికం సంబంధం ఒకటుంది, గుట్టుగా చేసేస్తే ఏమైనా ఇబ్బందా అని. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు.

ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు. చట్టం కూడా రాయవద్దనే చెబుతుంది. కానీ రైతు సంఘం పత్రికలో ఈ విషయం ఎందుకని అడిగేవారికి మా జవాబు ఇదే. ఆ రోజు ఒక రైతు ఇంట్లో పంట డబ్బు పోయింది, ఒక పిల్ల చదువు ఆగింది, బాల్య వివాహం దాకా వచ్చింది. మూడూ మన సంఘం పట్టించుకోవలసినవే.

పిల్లలకు ఫోను ఇచ్చింది ఎవరని తల్లిదండ్రులను తిట్టడం తేలిక. పట్నాల్లో ఉండి సలహాలు చెప్పేవాళ్లు ఆ పనే చేస్తారు. మన ఇళ్లలోకి ఫోను వచ్చిన దారి ఒకసారి గుర్తు చేసుకుందాం. 2016లో జియో వచ్చి డేటాను చవక చేసింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ నుంచి తెలంగాణలో పాఠాలు టీవీలో, టీ-శాట్‌లో, ఫోన్‌లో. మేకను అమ్మి ఫోను కొన్నవాళ్లను, చిట్టీ ఎత్తి కొన్నవాళ్లను మేము చూశాం. ఫోను లేదని పిల్లవాడు వెనకబడితే తప్పు తల్లిదండ్రులదే అన్నారు అప్పుడు. బడులు తెరిచాక ఫోను తిరిగి తీసుకునే మార్గం ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యలోనే, 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. వారం పది రోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చాయి, ఆ వెంటనే యూట్యూబ్ షార్ట్స్. యాప్ పేరు మారిందే తప్ప పిల్లల వేలు ఆగలేదు.

ఇక వ్యవసాయం సంగతి. పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలంటున్నారు. యూరియా బస్తాకూ యాప్ పెట్టారు. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ, గ్యాస్‌కు ఓటీపీ, బ్యాంకుకు ఓటీపీ. యాభై దాటిన రైతు వీటిని తనంతట తాను చేసుకోగలడా? పక్కన పిల్లవాడు ఉండాల్సిందే. మన ఇళ్లలో ఫోను నడిపే డ్రైవర్లు పిల్లలే. తాళాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. కాబట్టి "ఫోను లాగేసుకోండి" అనే సలహా రైతు ఇంట్లో రెండు రోజులు కూడా నిలవదు. మూడో రోజు స్లాట్ బుక్ చేయమని మనమే వాళ్ల చేతిలో పెడతాం.

ఇంకొకటి కూడా ఉంది. మిరప తోటకైనా పత్తి చేనుకైనా కూలీలు దొరకని కాలంలో భార్యాభర్తలిద్దరూ తెల్లవారకముందే బయలుదేరుతారు. తిరిగి వచ్చేది చీకటి పడ్డాక. వేసవి సెలవుల్లో, దసరా సెలవుల్లో పిల్లలకు తోడు ఆ ఫోనే. ఊళ్లో ఆడుకునే స్థలం లేదు, గ్రంథాలయం లేదు. ముసలి తల్లి ఉంటే ఆమెకు ఫోన్‌లో ఏముందో తెలియదు. పిల్ల నిశ్శబ్దంగా కూర్చుందని సంతోషిస్తుంది.

అసర్ సంస్థ 2024లో గ్రామీణ ప్రాంతాల్లో చేసిన సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో, సర్వేకు ముందు వారంలో చదువు పని కోసం ఫోను వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. మనం చూడవలసిన అంకె ఇంకొకటి ఉంది. సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసినవారు 62 శాతమే. తన ఖాతాను ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవారు దాదాపు 55 శాతం. అంటే మనకంటే పిల్లలకే అన్నీ తెలుసని మనం అనుకోవడంలో పొరపాటుంది. వాళ్లకు నడపడం వచ్చు, బ్రేకు ఎక్కడుందో చాలామందికి తెలియదు.

కంపెనీల బాధ్యత గురించి మాట్లాడకుండా తల్లిదండ్రులకు నీతులు చెప్పడం మాకు ఇష్టం లేదు. పిల్లవాడు ఎంత ఎక్కువ సేపు చూస్తే కంపెనీకి అంత ఎక్కువ ప్రకటనల ఆదాయం. ఇన్‌స్టాగ్రామ్ కొందరు టీనేజ్ ఆడపిల్లల మనసుపై చెడు ప్రభావం చూపుతోందని ఆ కంపెనీ లోపల చేసుకున్న పరిశోధనలే చెప్పినట్టు 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగి బయటపెట్టిన పత్రాలతో ప్రపంచానికి తెలిసింది. విత్తన కంపెనీల సంగతి తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? మొలక రాకపోతే రైతు సరిగ్గా వేయలేదంటారు. పిల్ల మోసపోతే తల్లి సరిగ్గా పెంచలేదంటారు.

ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం చేసి 2025 డిసెంబర్ 10 నుంచి అమలులోకి తెచ్చింది. పిల్లలను, తల్లిదండ్రులను వదిలేసి కంపెనీలకే జరిమానా అన్నది అందులో మంచి విషయం. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలంటుంది. పిల్లల కదలికలను వెంటాడి వాళ్లకు ప్రకటనలు చూపించకూడదని కూడా చెబుతుంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అయితే కంపెనీలు పూర్తిగా పాటించడానికి ఏడాదిన్నర గడువు ఇచ్చారు. చట్టం మంచిదే. కానీ మన ఇంట్లో ఆ సమ్మతి ఎట్లా నమోదవుతుందో ఊహించండి. నాయన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. నాయన చేలో ఉంటాడు. సమ్మతి అయిపోతుంది. చదవకుండా వేలిముద్ర వేయించుకునే పద్ధతి మనకు కొత్త కాదు. ఈ సమ్మతి నిజమైనదిగా ఉండాలంటే పల్లెల్లో, ఒకే ఫోను ఉన్న ఇళ్లలో ఎట్లా అమలు చేస్తారో ప్రభుత్వం చెప్పాలి. ఆ ప్రశ్న మనం అడగాలి.

ఆ గడువు ముగిసేదాకా పిల్లలు ఎదగకుండా ఆగరు కదా. అందుకే మనం చేసుకోగలిగిన పనులు కొన్ని చెబుతున్నాం.

డబ్బుతో మొదలుపెడదాం. పంట డబ్బు పడే ఖాతాను, రోజువారీ యూపీఐకి వాడే ఖాతాను వేరు చేయండి. యూపీఐ ఉన్న ఖాతాలో వెయ్యో రెండు వేలో ఉంచండి. ఇది ఒక్కటి చేసి ఉంటే ఆ సభ్యుడి పత్తి డబ్బు మిగిలేది. పిన్ మార్చి మీరే కొట్టడం నేర్చుకోండి. నాలుగో ఆరో అంకెలు, ట్రాక్టర్ నేర్చుకున్నవాళ్లకు అదేం లెక్క కాదు. వాట్సాప్‌లో ఏపీకే అని చివర ఉండే ఫైలు ఎవరు పంపినా తెరవవద్దు, సంఘం గ్రూపులో వచ్చినా సరే. పీఎం కిసాన్ పేరుతో అలాంటి దొంగ ఫైలు మన గ్రూపుల్లోనే ఒకసారి తిరిగింది. పంపింది మన నాయకుడే, పాపం మంచి ఉద్దేశంతోనే.

తర్వాత ఇన్‌స్టాగ్రామ్. 13 ఏళ్లలోపు పిల్లలకు అందులో ఖాతా ఉండకూడదన్నది ఆ కంపెనీ పెట్టుకున్న నియమమే. 13 దాటి 18 నిండని వారికి టీన్ అకౌంట్ అని వేరే ఏర్పాటు ఉంది. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టారు. ఆ ఖాతా తనంతట తానే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పంపడానికి వీలుండదు, 16 లోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అయితే ఇదంతా పిల్లలు నిజమైన పుట్టిన తేదీ ఇస్తేనే. మన పిల్లలు 2000 సంవత్సరమనో 1998 అనో ఇస్తారు. కొన్నిసార్లు నాయన ఆధార్‌లో ఉన్న తేదీయే ఇస్తారు. అప్పుడు కంపెనీ లెక్కలో ఆ పిల్ల నలభై ఏళ్ల మనిషి, ఏ రక్షణా వర్తించదు. కాబట్టి ముందు ఆ తేదీ చూడండి, తప్పుంటే సరిచేయించండి. వాట్సాప్‌లో ప్రైవసీ అనే చోట గ్రూపుల్లో చేర్చే వీలు, ప్రొఫైల్ ఫోటో చూసే వీలు "మై కాంటాక్ట్స్"కు మాత్రమే పెట్టండి. ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఉంటాయి, దానికి పిల్లలకు తెలియని పిన్ పెట్టవచ్చు. గూగుల్ ఫ్యామిలీ లింక్ గురించి చాలామంది చెబుతారు. పిల్లలకు విడిగా ఫోను ఉన్న ఇంట్లో అది బాగా పనికొస్తుంది. ఎంతసేపు వాడాలి, రాత్రి ఎన్నింటికి ఆగాలి అన్నది మన ఫోన్ నుంచే పెట్టవచ్చు. ఒకే ఫోను ఉన్న ఇంటికి దానితో పెద్ద ప్రయోజనం లేదు. అక్కడ రాత్రి తొమ్మిదికి ఫోను తల్లి దగ్గర ఛార్జింగ్‌లో ఉండాలనే నియమమే మంచిది. ఆ నియమం నాయనకూ వర్తించాలి. దుప్పటి కప్పుకుని రీల్స్ చూసే నాయన మాట ఏ పిల్లవాడు వింటాడు?

మగపిల్లల తల్లిదండ్రులు ఇదంతా ఆడపిల్లల గొడవ అనుకోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగ లింకులు, బెట్టింగ్ గ్రూపులు ఆగలేదు. తోటి పిల్ల ఫోటోను మార్చి గ్రూపులో పెట్టడం చాలామంది అబ్బాయిలకు తమాషా. పిల్లల అశ్లీల దృశ్యాలను తెలిసి చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ కొడుకు ఇంకొక రైతు కూతురి జీవితంతో ఆడుకుంటున్నాడేమో కూడా చూసుకోవాలి.

ఇక అసలైన కష్టం సెట్టింగుల్లో లేదు. ఆ పిల్ల నాలుగుసార్లు డబ్బు పంపింది కానీ ఒక్కసారి కూడా నాయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మేము అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్తే ఏం చేస్తనో దానికి తెలుసు కదన్నా" అన్నాడు. బెదిరించేవాడు ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్నా, మన ఇంట్లో మన కోపం వాడి తరఫున పనిచేస్తోంది. చెబితే కొడతారు, ఫోను తీసుకుంటారు, బడి మాన్పిస్తారు, పెళ్లి చేస్తారు. ఈ లెక్క వాడికి బాగా తెలుసు. ఆ లెక్క మీదే వాడి వ్యాపారం.

అందుకే ఏమీ జరగకముందే పిల్లలతో మాట్లాడాలి. ఉపన్యాసం అవసరం లేదు. అన్నం తినేటప్పుడో, చేను దగ్గరికి బండి మీద వెళ్లేటప్పుడో ఒక మాట. "ఎవరైనా నిన్ను బెదిరిస్తే, నువ్వు తప్పు చేశావనిపించినా సరే, ముందు నాకో అమ్మకో చెప్పు. కొట్టను. చదువు మాన్పించను." అని, ఆ మాట మీద నిలబడాలి. తల్లికో మేనత్తకో చెప్పుకోవడం ఆడపిల్లలకు తేలికగా ఉంటుంది, ఆ దారి తెరిచి ఉంచాలి. మన దగ్గర నాయన, కూతురు ఇట్లాంటి విషయాలు మాట్లాడుకోరని మాకు తెలుసు. మాట్లాడుకోకపోతే ఏమవుతుందో కూడా ఇప్పుడు తెలిసింది.

జరగరానిది జరిగితే, డబ్బు మాత్రం పంపవద్దు. ఒకసారి పంపితే రెండోసారి అడుగుతారు, ఆ తర్వాత కూడా ఆపరు. కంగారులో మెసేజీలు చెరిపేయవద్దు. ఆ ఖాతా పేరు, లింకు, ఫోన్ నంబరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ తర్వాత బ్లాక్ చేయండి. పిల్ల ఫోటోను మార్చి ఉంటే దాన్ని మాత్రం ఎవరికీ పంపవద్దు, సాయం చేస్తానన్నవాళ్లకు కూడా. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. గంటల్లో చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది, వారం తర్వాత కష్టం. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పిల్లల సాయానికి 1098 ఉంది. పిల్ల దిగులుగా ఉంటే, తిండి మానేస్తే, చచ్చిపోతానని అంటే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలవద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. 18 ఏళ్లలోపు వారి అలాంటి ఫోటో మన ఫోన్ దాటకుండానే దాని గుర్తును మాత్రం తీసుకుని ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి చోట్ల వ్యాపించకుండా ఆపడానికి అది పనిచేస్తుంది.

పోలీస్ స్టేషన్ అంటే భయపడేవారికి ఒక విషయం. పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో వాళ్లకు నచ్చిన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. పిల్లలను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి ఏ పత్రికలోనూ రాకూడదు. ఇవన్నీ అన్నిచోట్లా సక్రమంగా జరుగుతాయని మేము అనడం లేదు. జరగకపోతే అడగడానికి సంఘం ఉంది. తెలంగాణలో షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

ఆ సభ్యుడి ఇంటికి మరుసటి రోజు మా మహిళా కార్యకర్తలు ఇద్దరు వెళ్లారు. పెళ్లి మాట మానుకోవడానికి రెండు రోజులు పట్టింది, ఫిర్యాదుకు ఒప్పుకోవడానికి ఇంకో రోజు. అప్పటికే ఆలస్యం కావడంతో పోయిన డబ్బు తిరిగి రాలేదు. ఆ ఖాతా మాత్రం ఆగింది. బెదిరించినవాడు అన్నట్టు ఎవరికీ ఏ ఫోటో రాలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత పిల్ల బడికి వెళ్తోంది. నాయన పిన్ ఇప్పుడు నాయనే కొడుతున్నాడట, రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయానికి అరగంట కేటాయించాలని నిర్ణయించాం. ఊళ్లోని హైస్కూలు ఉపాధ్యాయులను పిలుస్తున్నాం, పదో తరగతి, ఇంటర్ పిల్లలు మనకు సెట్టింగులు చూపిస్తారు. భార్యాభర్తలిద్దరూ రావాలి. ఒక్కరే వస్తే తల్లి రావాలి. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని తెచ్చుకోండి. బ్యాంకు పాస్‌బుక్ కూడా తెస్తే ఖాతాలు వేరు చేసే కాగితం అక్కడే రాయించి పంపుదాం.